ఇంటికీ అద్దె కట్టాలి



"మా పుట్టింటివారి ఇల్లు సగం ఖాళీగా పడి ఉంది. చేతిలో ఏదో విద్య ఉంది. ఆ ఇంట్లో ఒక చిన్న పనిశాల పెట్టుకుంటే ఎలా ఉంటుందంటారు?" అని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరు కుట్టుపని అంటారు, కొందరు మట్టిబొమ్మలంటారు, ఒకావిడ సబ్బులు చేస్తానన్నది. పని ఏదైనా అందరూ చివర కలిపే మాట మాత్రం ఒకటే. "సొంత ఇల్లే కదండీ, అద్దె లేదు, అడ్వాన్సు లేదు, నష్టం వస్తే మాత్రం పోయేదేముంది?"

2017లో నేను కూడా అక్షరాలా ఈ మాటే అన్నాను. అంచేత ఈవేళ ఆ 'అద్దె లేదు' అన్న మాట గురించే మీతో చెప్పాలని ఉంది.

మాది బందరు. మచిలీపట్నం అంటేనే ఈ తరంవాళ్లు గుర్తుపడతారనుకోండి. నాన్నగారు ఉద్యోగం చేసే రోజుల్లో సగం సొంత డబ్బుతో, సగం అప్పుతో కొన్న పెంకుటిల్లు. వీధరుగు, ముందు పొడుగాటి వసారా, నడిమి హాలు, పక్కన రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి, ఒక బాదంచెట్టు. 1977 నవంబరు తుపానుకు పెంకులన్నీ లేచిపోతే నాన్నగారు దగ్గరుండి మళ్లీ నేయించారు. ఆ ఇంట్లో మేము ముగ్గురం పెరిగాం, ఇద్దరం ఆడపిల్లలం ఆ గుమ్మంలోంచే అత్తవారిళ్లకు వెళ్లాం.

2015లో నాన్నగారు పోయారు. అమ్మ ఒక్కతీ మిగిలింది. తమ్ముడు హైదరాబాదు, చెల్లెలు విశాఖపట్నం, నేను బెజవాడ. ఇల్లు అమ్మేసి అమ్మను తన దగ్గర పెట్టుకుంటానన్నాడు తమ్ముడు. వాడు చెడ్డవాడు కాదు. ఫ్లాటు కొనుక్కుని నెలనెలా వాయిదాలు కట్టుకునేవాడికి, ఎక్కడో బందరులో కురుస్తున్న పెంకుటిల్లు ఆస్తిగా కనిపిస్తుంది గాని ఇల్లుగా ఎందుకు కనిపిస్తుంది? అమ్మ మాత్రం, "నేను పోయాక మీ ఇష్టం నాయనా" అని ఒక్క ముక్కతో తేల్చేసింది. అప్పుడే మావారు రిటైరయ్యారు. సరే, మేమిద్దరం అమ్మ దగ్గరికి వచ్చి ఉంటాం, ముందు భాగంలో నేను అద్దకం పని పెట్టుకుంటాను, ఇల్లూ నిలబడుతుంది, అమ్మా నిలబడుతుంది అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. లెక్క మాత్రం ఎవరమూ వెయ్యలేదు.

అద్దకం అంటే కలంకారీ. బందరు చుట్టుపక్కల, ముఖ్యంగా పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో, ఇది తరతరాలుగా ఉన్న పని. పేరులో కలం ఉన్నా, కలంతో గీసేది శ్రీకాళహస్తివారు. మావైపు టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. నేను పెళ్లి కాకముందు సరదాగా నేర్చుకుని, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ చేతపట్టాను.

ఈ పని ఎలా జరుగుతుందో కాస్త చెబుతాను, ఇంటి విషయానికి అది అవసరం. బట్టను ఉతికి గంజి పోగొట్టి కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీరు కరక్కాయ పట్టిన బట్టమీద పడిందంటే అక్కడికక్కడే నల్లగా మారుతుంది. ఎరుపుకు పటిక అద్దుతారు. పటిక అద్దినచోట అప్పటికి ఏమీ కనపడదు, కంటికి ఆనడానికి అందులో కాస్త ఏదో రంగు కలుపుకుంటారు. పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేళ్ల కషాయంలోనో, ఇప్పుడు ఎక్కువమంది వాడే అలిజరిన్‌లోనో ఉడకబెట్టినప్పుడు గాని అసలు ఎరుపు తేలదు.

చూశారా, ఇందులో ఎన్ని పనులున్నాయో! నానబెట్టడం, అద్దడం, జాడించడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కుట్టడం. ఇల్లు పనిశాల అవుతుందంటే ఈ పనులన్నీ ఇంట్లోకి వస్తాయని కాదు. ఒక్కొక్క పనినీ విడివిడిగా పెట్టుకుని, ఇది ఇంట్లో ఇముడుతుందా, ఇమడదా అని చూసుకోవాలి. ఉడకబెట్టడానికి పెద్ద గంగాళాలు, కట్టెలపొయ్యి, పొగ. అది ఇంటికి పనికిరాదని నాకు ముందే తెలుసు, పెడనలో చేసేవాళ్లకు కూలికి ఇచ్చాను. కాని జాడించడం మాత్రం, నుయ్యి ఉంది కదా అన్న ధీమాతో, పెరట్లోనే పెట్టాను. నెల తిరక్కుండా పెరటి కాలువ నల్లబారింది. పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగిచూసి, "ఏమ్మా, ఇక తులసికోటకూ రంగునీళ్లేనా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఆ వారమే జాడింపు కూడా పెడనకు పంపేశాను. చివరికి నానబెట్టడం, అద్దడం, కుట్టు ఇస్త్రీలు, ఈ మూడే ఇంట్లో మిగిలాయి.

మీకు లిజ్జత్ అప్పడాలు తెలుసుగా. 1959లో బొంబాయి గిర్గాం ప్రాంతంలో ఒక మేడమీద ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన పని అది. పెరిగి పెద్దదైన తరవాత కూడా వారు పాటించిన పద్ధతి చూడండి. పిండి కలపడం కేంద్రంలోనే. ఆడవాళ్లు పిండి ఇంటికి తీసుకెళ్లి వత్తి, ఆరబెట్టి, అప్పడాలు తెచ్చి అప్పగిస్తారు. ఇంటికి వచ్చేది పనిలో ఒక్క ముక్క, అదీ ఇల్లు భరించే ముక్క. మనలో చాలామంది ఇది ఆలోచించకుండా గోడలు పగలగొట్టడంతో మొదలుపెడతాం.

గోడలంటే గుర్తొచ్చింది. వసారాకూ పక్కగదికీ మధ్య గోడ తీసేస్తే చీరలు అద్దే పెద్ద బల్ల పడుతుందని మేస్త్రీ అన్నాడు. చీర పూర్తిగా పరుచుకోవాలంటే 18 అడుగుల బల్ల కావాలి మరి. నాకూ ఆశ పుట్టింది. అమ్మనడిగితే, "ఆ గోడకేగా మీ నాన్న మీ ముగ్గురి పొడుగులూ పెన్సిలుతో గీశారు" అంది. అంతే. కావాలనో వద్దనో చెప్పలేదు. నేను గోడ జోలికి పోలేదు. దాని బదులు 9 అడుగుల బల్ల వేయించి చున్నీలతో మొదలుపెట్టాను. చున్నీ రెండున్నర మీటర్లే గనక సరిపోతుంది. బల్లమీద తడిపిన గోనెపట్టా, దానిమీద కంబళి, పైన పాతబట్ట. ఇదంతా నాలుగు మేకులు ఊడదీస్తే మళ్లీ వసారా వసారాయే. మొదటి ఏడాది తిరిగి పూడ్చలేని మార్పు ఏదీ ఇంటికి చెయ్యవద్దని నేను గట్టిగా చెబుతాను. వైర్లు కూడా గోడ తవ్వకుండా పైపైన గొట్టంలో లాగించుకోండి. పని నిలుస్తుందో లేదో ఏడాదికి గాని తెలియదు, గోడ మాత్రం ఒక్క పూటలో పోతుంది.

'స్టూడియో' అని బోర్డు పెడదామంది మా చెల్లెలి కూతురు. స్టూడియో అంటే మా అమ్మకు తెలిసింది ఫోటోలు తీసే చోటే. "పెళ్లికూతుళ్లు వచ్చి కూర్చుంటారా ఏమిటి?" అని కంగారుపడింది. బోర్డు మానేశాం.

అయితే అమ్మ తన షరతులు తాను చెప్పింది. వంటిల్లు, దేవుడి మూల, వెనక వరండా, తన మంచం ఉన్న కిటికీ, వీటి జోలికి రాకూడదు. నడిమి హాలు గడపకు ఇవతల నాది, అవతల తనది. పనివాళ్లు మంచినీళ్లకు కూడా గడప దాటకుండా వసారాలోనే ఒక కుండ పెట్టమంది. ఇదంతా చాదస్తం అనిపించింది నాకు. మే నెలలో ఆవకాయ పెట్టే రోజుల్లో, ఒకవైపు ముక్కలు తుడిచే గుడ్డలు, మరోవైపు ఇనుపనీళ్ల బాన, మధ్యలో ముగ్గురు మనుషులు తిరుగుతుంటే గాని ఆ గడప విలువ నాకు తెలిసిరాలేదు. ఇనుపనీళ్ల చుక్క ఒకటి కడపరాతి నేలమీద పడితే ఈనాటికీ పోలేదు. ఊరగాయ జాడీలో పడితే ఏమయ్యేదో!

నాన్నగారి పడక్కుర్చీ సంగతి ఒకటుంది. అది వసారాలోనే ఉండేది. దాన్ని కదిలించడానికి నాకు చేతులు రాలేదు. కొన్నాళ్లకు దానిమీద మడతపెట్టిన చున్నీలు, ఆపైన లెక్కల పుస్తకం, ఆపైన ఎవరిదో లంచ్ డబ్బా. ఒకరోజు అమ్మ వచ్చి ఆ డబ్బా తీసి నేలమీద పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కుర్చీని గడపకు అవతలికి చేర్చాను. ప్రేమకొద్దీ ఒక వస్తువును పనిచోట ఉంచితే అది నెల తిరిగేసరికి బల్ల అయిపోతుంది. అటువంటివి ముందే తీసి భద్రపరచండి.

ఇక అసలు సంగతి. 2018లో మొదటి ఏడాది లెక్క చూసుకున్నాను. ఏడాదిలో 890 చున్నీలు అమ్మాను. ఒక్కో చున్నీకి బట్ట 190 రూపాయలు, కరక్కాయ రంగులు 45, అద్దకం కూలి 110, పెడనలో జాడించి ఉడికించినందుకు 60, కుట్టు ఇస్త్రీ కలిపి 25. మొత్తం 430. అమ్మింది 500కి. చున్నీకి 70 చొప్పున 62 వేల చిల్లర లాభం! సంక్రాంతికి అందరూ చేరినప్పుడు గొప్పగా చెప్పాను. తమ్ముడు అంతా విని, "బాగుందక్కా. మరి ఇంటికెంత ఇచ్చావు?" అన్నాడు.

నాకు చర్రుమంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇల్లు కాపాడుతున్నది నేను, అమ్మను కనిపెట్టుకుని ఉన్నది నేను, వీడు అద్దె అడుగుతాడా అని. మర్నాడు కోపం తగ్గాక కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మా వీధిలో అటువంటి ఇల్లు అద్దెకిస్తే నెలకు 9 వేలు వస్తుంది. ఏడాదికి లక్షా 8 వేలు. నా లాభం 62 వేలు. అంటే ఆ ఇంటికి తాళం తీసి ఎవరికైనా అద్దెకిచ్చి నేను ఊరికే కూర్చున్నా నా లాభం కంటే 46 వేలు ఎక్కువ వచ్చేదన్నమాట. ఇందులో నా చాకిరీకి కూలి లేదు. ఇంకొక సంగతి తవ్వితే బయటపడింది. కరెంటు బిల్లు ఎవరు కట్టారు? అమ్మ, తన ఫ్యామిలీ పెన్షను డబ్బులోంచి. పనివాళ్లకు రెండుపూటలా కాఫీ? అదీ అమ్మదే. వానకు కారిన పెంకులు వేయించింది? అమ్మే. నేను ఇంటిని కాపాడుతున్నాననుకున్నాను. నా పనిని మా అమ్మ పెన్షను కాపాడుతోంది.

సోదరీమణులారా, మనలో చాలామంది పెట్టుకున్న చిన్న చిన్న పనులు ఇలాగే నడుస్తున్నాయి. సరుకు చవగ్గా ఇస్తున్నామని సంతోషిస్తాం. ఆ చవక ఎక్కడినుంచి వస్తోంది? ఇంట్లో ఎవరి గదిలోంచో, ఎవరి పెన్షనులోంచో, మన నడుంనొప్పిలోంచో వస్తోంది.

అప్పుడు లెక్క మళ్లీ వేశాను. నేను వాడుతున్నది ఇంట్లో సగమే గనక నెలకు 5 వేలు అద్దె. కరెంటు 1,200. మరమ్మతులకు 800. నాకు జీతం 8 వేలు, ఎక్కువేం కాదు. వెరసి 15 వేలు. నెలకు 75 చున్నీలు అమ్ముతున్నాను గనక ఒక్కోదానిమీద 200 పడుతుంది. 430కి 200 కలిపితే 630. దాన్ని నేను ఏడాదిపాటు 500కి అమ్మాను! ధర 650 చేశాను. మొదటి మూడు నెలలు సగం బేరాలు పోయాయి. అబద్ధమెందుకు, భయపడ్డాను కూడా. అమ్మకం తగ్గితే ఒక్కో చున్నీ మీద పడే అద్దె భారం పెరుగుతుంది కదా. అయితే వెళ్లిపోయినవాళ్లు చాలావరకు చవకకు వచ్చినవాళ్లే. సగం సగంగా జరుపుకుంటూ అదే చిన్న బల్లమీద చీరలు అద్దడం నేర్చుకున్నాం. అతుకు దగ్గర అచ్చు తప్పకుండా పడాలంటే చెయ్యి తిరగాలి, రెండు చీరలు పాడయ్యాయి. చీరల మీద మిగులు బాగుండడంతో ఏడాదికి ఒడ్డున పడ్డాం.

అద్దె ఎవరికి కట్టాలి అన్నది తరవాతి ప్రశ్న. ఇది మీరు జాగ్రత్తగా వినాలి. నాన్నగారు ఇల్లు స్వార్జితం, వీలునామా రాయలేదు. అటువంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు. పోయినాయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒకటి. మాకు నాయనమ్మ లేదు గనక అమ్మ, తమ్ముడు, చెల్లెలు, నేను, నాలుగు వాటాలు. పిత్రార్జితమైతే లెక్క వేరు. అందులోనూ ఆడపిల్లకు కొడుకుతో సమానమైన హక్కును 2005 సవరణ దేశమంతటికీ ఇచ్చింది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చారు.

1956 చట్టంలో 23వ సెక్షను అని ఒకటుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో ఆడపిల్లకు వాటా ఉన్నా, మగవారసులు పంచుకుందామనుకునేదాకా ఆమె పంపకం అడగడానికి వీల్లేదని అందులో ఉండేది. అంటే కాగితంమీద వాటా, గుమ్మం దగ్గర మౌనం. 2005లో ఆ సెక్షను తీసేశారు. ఈ సంగతి తెలియక ఈనాటికీ "పుట్టింటి ఇంట్లో మనకేముంటుందిలే" అనుకునే అక్కచెల్లెళ్లున్నారు. సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టేసేవాళ్లూ ఉన్నారు. మరొక వైపు కూడా చూడాలి. నాకు నాలుగోవంతు ఉంటే, తక్కిన మూడువంతులూ నావి కావు. నేను ఇంట్లో ఉంటున్నాననీ, అమ్మను చూసుకుంటున్నాననీ అవి నావైపోవు. అత్తవారింట్లో పని పెట్టుకునేవారైతే ఆడపడుచులూ మరుదులూ ఇలాగే వాటాదారులు కావచ్చు, కనుక్కోండి.

2019లో నలుగురం కూర్చుని లాయరుగారి సాయంతో కాగితం రాసుకుని రిజిస్టరు చేయించుకున్నాం. ముందు భాగం ఐదేళ్లపాటు నెలకు 5 వేల అద్దెకు నా పనికి. వెనక భాగం అమ్మ బతికున్నంతకాలం అమ్మది. నేను చేయించే మార్పులు వెళ్లేటప్పుడు నా ఖర్చుతోనే సరిచేసి ఇవ్వాలి. ఎవరైనా వాటా అమ్ముకోదలిస్తే ముందు తక్కినవారిని అడగాలి. ఈ చివరిది మేము కొత్తగా పుట్టించింది కాదు, అదే చట్టంలో 22వ సెక్షను వారసులకు ఇటువంటి హక్కు ఇస్తోంది. అయినా తెలుగులో రాసుకుని నలుగురూ చదువుకుంటే మనసులో ఉండిపోతుంది.

5 వేలను నాలుగు పెడితే తలకు 1,250. చెల్లెలు తనది అమ్మకిచ్చేసింది. నాది ఇంటి మరమ్మతుల ఖాతాలో వేస్తున్నాను. తమ్ముడు మాత్రం, "నాది నాకు పంపక్కా" అన్నాడు. పన్నెండొందల యాభై కోసం చూసుకుంటున్నాడే అనిపించింది మొదట. ఆ డబ్బు నెలనెలా వాడి ఖాతాలో పడ్డం మొదలయ్యాక, ఫోను చేసినప్పుడల్లా ఇల్లు అమ్మే మాట ఎత్తడం వాడు మానేశాడు. ఒక్కోసారి "వానలు పడుతున్నాయిట, పెంకులు చూపించావా?" అని వాడే అడుగుతున్నాడు. 

కరెంటు సంగతి చెప్పాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం చెయ్యకూడదని నాకు తెలియదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం అది అనధికార వాడకం కిందికి వస్తుంది. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనకటి 12 నెలలకు లెక్కగట్టి, ఆ వాడకానికి ఉండే రేటుకు రెట్టింపు వసూలు చేస్తారు. తెలిసినాయన ఒకరు ముందుగా హెచ్చరించబట్టి బతికిపోయాను. వసారాకు వేరే మీటరు పెట్టించుకున్నాను. దానివల్ల ఇంకో మేలు, అమ్మ కరెంటు ఎంత, నా కరెంటు ఎంత అన్నది వాదన లేకుండా తేలిపోయింది. మునిసిపాలిటీలో వ్యాపార లైసెన్సు, ఇంటిపన్నులో తేడా ఉంటే అదీ అడిగి తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వంవారి 'ఉద్యమ్' నమోదు 2020 జులై నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉండాలి, రుసుము లేదు. దానికి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఇంటికి బీమా ఉంది కదా అని సరుకుకూ ఉందనుకునేరు! ఇంటి బీమా ఇంటికీ ఇంటి సామానుకే. అమ్మకపు సరుకుకు వేరే తీసుకోవాలి. బందరు వంటి సముద్రపు ఊళ్లో ఇది మరీ ముఖ్యం. గాలిలో తేమకు మూటగట్టిన బట్ట వానాకాలంలో బూజు పడుతుంది. పాత ఇళ్లలో చెదలు సరేసరి. సరుకు నేలకు రెండడుగుల ఎత్తులో, గోడకు జానెడు ఎడంగా పెట్టుకోండి. అచ్చులను నూనెలో నానబెట్టి వాడుకోవాలి, ఎండలో పెడితే బీటలిస్తాయి.

పెట్టుబడికి ఇల్లు తాకట్టు పెట్టమని సలహా చెప్పేవాళ్లు ఉంటారు. నాకూ ఒకరు చెప్పారు. నలుగురి ఇల్లు నలుగురూ సంతకం పెడితే గాని తాకట్టు కాదు, అదృష్టం. చిన్న పనికి ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్ర పథకం కింద ఏ తాకట్టూ లేకుండా బ్యాంకులు అప్పిస్తాయి. 50 వేల దాకా ఇచ్చేదాన్ని శిశు అంటారు. నా బల్ల, అచ్చులు, మొదటి తాను బట్టలు దానితోనే వచ్చాయి.

కాగితం రాసుకున్న ఏడాదికే దానికి పరీక్ష వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్. పెడన దారి లేదు, కొనేవాళ్లు లేరు, ఇనుపనీళ్లు బానలోనే ఉండిపోయి కంపు కొట్టాయి. ఏడు నెలలు అద్దె కట్టలేకపోయాను. "మనలో మనకేమిటే, వదిలెయ్" అంది చెల్లెలు. వదలలేదు. 35 వేలు బాకీ అని పుస్తకంలో రాసుకున్నాను. 2022లో తీర్చాను. ఆ బాకీ తీర్చడానికి ఏం చేద్దామా అని ఆలోచిస్తుంటేనే అద్దకం నేర్పే ఆలోచన వచ్చింది. నెలలో రెండో శనివారం బెజవాడ, గుడివాడ నుంచి ఎనిమిదిమంది ఆడవాళ్లు వస్తారు. తలకు 900. ఒక్కొక్కరూ తమ చున్నీ తామే అద్దుకుంటారు. ఉడికి వచ్చాక వారానికి పోస్టులో పంపుతాం. మధ్యాహ్నం భోజనం మాదే.

మొదటి శనివారం అమ్మ పప్పు, వంకాయకూర, చారు, అన్నీ తనే నిలబడి చేయించింది. వచ్చినవాళ్లు గడప దాటి వెళ్లి ఆవిడతో కబుర్లాడారు. గడప నియమం ఏమైందమ్మా అంటే, "వాళ్లు అతిథులు" అంది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, "ఆకుకు 100 రూపాయలు చొప్పున నా లెక్కలో వెయ్యి అమ్మాయ్. నీ వసారాకు అద్దె ఉంటే నా వంటింటికి ఉండదా?" అంది. నవ్వొచ్చింది గాని న్యాయమేగా. ప్రతి రెండో శనివారం సాయంత్రం 800 రూపాయలు లెక్కపెట్టి ఇస్తున్నాను. దాన్ని ఆవిడ పోపులపెట్టె పక్క డబ్బాలో వేస్తుంది. ఏం చేస్తుందో చెప్పదు.

2024లో ఐదేళ్ల గడువు అయిపోయింది. మళ్లీ నలుగురం కూర్చున్నాం. తమ్ముడి పిల్లవాడి పైచదువు, డబ్బు అవసరం. వాటా కొనుక్కుంటావా అక్కా అని వాడే అడిగాడు. ఇద్దరి చేత ఇంటికి వెల కట్టించాం. వాడి వాటాకు వచ్చిన మొత్తం నా దగ్గర లేదు. బయటివాళ్లకు అమ్ముకో అనడానికి నోరు రాలేదు, అమ్మవద్దు అనడానికి నాకు హక్కూ లేదు. చివరికి 6,500 అద్దెతో మరో మూడేళ్లు రాసుకున్నాం. వాడి అవసరానికి చెల్లెలూ నేనూ చెరి కొంత సర్దాం, దానికీ కాగితం ఉంది. 2027లో మళ్లీ కూర్చోవాలి. అప్పటికి నేను వాడి వాటా కొనగలనో, వసారా ఖాళీ చేసి బల్ల ఊడదీసుకుని పోతానో ఇప్పుడే చెప్పలేను. బల్ల ఊడదీయడానికి నాలుగు మేకులే గనక ఆ బెంగ లేదు. గోడమీద మా ముగ్గురి పొడుగుల గీతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తమ్ముడి మనవడు పుడితే అక్కడే గీయాలని అమ్మ ఇప్పటినుంచే అంటోంది.

ఒకటో తారీకున అద్దె కట్టేస్తున్నాను. సెలవు.